ఫొటో దిగడం

తెలుగులో ఫొటోను ఒకరు తీస్తారు, మరొకరు దిగుతారు. ఈ ‘దిగడం’ అనే క్రియను ఫొటోకు మొట్టమొదట అతికించిన మహానుభావుడెవరో గాని, పాతికేళ్ళుగా ఈ పని చేస్తున్న నాకు అంతకంటే సరైన మాట ఇంతవరకూ తట్టలేదు. బస్సు దిగినట్టు, మెట్లు దిగినట్టు, నీళ్ళలోకి దిగినట్టు మనవాళ్ళు ఫొటో దిగుతారు. అంటే, దిగకముందు ఎక్కడో కొంచెం ఎత్తున ఉంటారన్నమాట. నా అనుభవంలో అది అక్షరాలా నిజం. కెమేరా ముందుకు వచ్చిన మనిషి మొదటి ఇరవై నిమిషాలూ తన మీద తానే ఎక్కి కూర్చుని ఉంటాడు. భుజాలు బిగుసుకుని, మెడ నిలువునా నిక్కి, నవ్వు పళ్ళ దాకా వచ్చి కళ్ళ దగ్గర ఆగిపోయి ఉంటుంది. ఆ మనిషిని మెల్లగా మాటల్లో పెట్టి కిందికి దించడమే నా వృత్తి. మీట నొక్కడం ఎవరైనా చేస్తారు.

విశాఖపట్నంలో నాకొక చిన్న స్టూడియో ఉంది. నామకరణాలూ, పెళ్ళిళ్ళూ, పాస్‌పోర్టు సైజులూ అన్నీ తీస్తాను. కాని ఇక్కడ చెప్పదలచుకున్నది ఆరుబయట తీసే రెండు రకాల ఫొటోల సంగతి. ఒకటి, చదువు ముగించుకుని వెళ్ళిపోయే పిల్లలవి. రెండు, పెళ్ళి కుదిరిన జంటలవి. మొదటి రకం మార్చి నుంచి మే దాకా వస్తాయి, రెండో రకం ముహూర్తాల వెంట వస్తాయి. దిగేవాళ్ళ వయసులో పెద్ద తేడా ఉండదు, మహా అయితే నాలుగైదేళ్ళు. నల్లగౌనులో చూసిన పిల్లనే మళ్ళీ పట్టుచీరలో చూసిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి.

మాటల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకొకటి కూడా చెప్పేస్తాను. ఫొటోగ్రఫీ అన్న మాటకు గ్రీకులో వెలుగుతో రాయడం అని అర్థమట. మనవాళ్ళు దాన్ని ఛాయాచిత్రం చేశారు. వెలుగు పోయి నీడ వచ్చింది. మొదట్లో ఇదేదో అనువాదంలో జరిగిన పొరపాటనుకునేవాణ్ణి. ఆరుబయట పని మొదలుపెట్టాక తెలిసింది, మనవాళ్ళదే సరైన మాట అని. పట్టపగలు మనిషి ముఖం తీయాలంటే వెతుక్కోవలసింది ఎండను కాదు, నీడను. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు కనుబొమల కింద రెండు గుంటలు, ముక్కు కింద ఒక మీసం (ఆడపిల్లలకైనా సరే) పడతాయి. అదే మనిషిని చెట్టునీడ అంచున, ముఖం ఖాళీ ఆకాశం వైపు ఉండేలా నిలబెడితే ఆ గుంటలన్నీ పూడిపోతాయి. నీడలోకి మరీ లోపలికి పోతే ఆకుల పచ్చదనం చెంపల మీదికి దిగి, కామెర్ల రోగిలా కనిపిస్తారు. అందుకని అంచే కావాలి. ఒక అడుగు ఇటైనా అటైనా పని చెడుతుంది. ఇరవై మంది పిల్లల్ని ఒకేసారి ఆ అంచున నిలబెట్టడం ఎలా ఉంటుందో పెళ్ళిభోజనాల్లో వడ్డన చేసినవాళ్ళకు కొంత ఊహకు రావచ్చు.

పైగా మనకు ఛాయ అంటే ఒంటి రంగు కూడాను. చామనఛాయ అంటాం కదా. ఆ అర్థంలో ఈ మాట నన్ను ఇంకా ఎక్కువగా వేధించింది. కెమేరాలో వెలుతురును లెక్కగట్టే యంత్రానికి నలుపూ తెలుపూ తెలియవు. తన ఎదుట ఉన్నదంతా మధ్యరకం బూడిదరంగు అనుకుని లెక్క వేసుకుంటుంది. నల్లగౌన్లు వరసగా కనబడితే చీకటి పడిందనుకుని వెలుగు పెంచేస్తుంది. గౌను వెలిసిపోయి, ముఖం పాలిపోతుంది. తెల్లచీరైతే దీనికి తలకిందులు. ఈ లెక్కను చేత్తో సరిదిద్దుకుని, పిల్ల ఒంటిరంగు ఉన్నదున్నట్టుగా పట్టుకోవడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. అంత కష్టపడి పట్టుకుంటే, తల్లులకు నచ్చేది మాత్రం ఆ పాలిపోయిన ముఖమే! “కొంచెం తెల్లగా రావాలండీ, సంబంధాలకు పంపాలి” అంటారు. మొదట్లో వాదించేవాణ్ణి. తరవాత కొంతకాలం వాళ్ళు చెప్పినట్టే చేశాను, బతకాలి కాబట్టి. ఇప్పుడు “మచ్చలు తీస్తానమ్మా, రంగు మట్టుకు తీయను” అని ముందే చెబుతున్నాను. ఇందువల్ల పోయే బేరాలు పోతూనే ఉన్నాయి. నిజానికి ఒక జంట ఫొటోలన్నింటికీ రంగులు సరిచూసుకుని, మచ్చలు తుడవడం రెండు రోజుల పని. మూడో రోజు అక్కర్లేదు.

పిల్లలతో పనంటే నాకు ఇష్టం. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో ఏర్పడింది, వాల్తేరు మెట్ట మీది ఆ పాత రాతి భవనాల ముందు ఫొటో దిగాలని వేరే కాలేజీల పిల్లలకు కూడా ఆశ. అనుమతి తెచ్చుకుంటే తీసుకుపోతాను. గౌన్లు నాటకాల దుస్తులు అద్దెకిచ్చే దుకాణం నుంచి వస్తాయి. పొట్టివాడికి గౌను నేల ఊడుస్తుంటుంది, పొడుగువాడికి మోకాళ్ళ దగ్గరే ఆగిపోతుంది. వెనకవైపు బట్టల క్లిప్పులు పెట్టి బిగిస్తాను, ఫొటోలో కనబడదు. అందరికీ ఒకటే కోరిక: టోపీలు గాల్లోకి ఎగరేయాలి. ఆ టోపీలకు డిపాజిట్టు కట్టామన్న సంగతి ఆ క్షణంలో ఎవరికీ గుర్తుండదు. బీచి రోడ్డులోనైతే ఇంకొక చిక్కు. పొద్దున్న గాలి నేల మీది నుంచి సముద్రం వైపు వీస్తుంది, మధ్యాహ్నానికి అటునుంచి ఇటు మళ్ళుతుంది. కనుక టోపీలు ఎగరేయాలంటే సాయంత్రమే రావాలి. ఈ జ్ఞానం నాకు రెండు టోపీలు బంగాళాఖాతానికి సమర్పించుకున్నాక కలిగింది.

2014 ఏప్రిల్లో ఒక అబ్బాయి తల్లిదండ్రులతో వచ్చాడు. శ్రీకాకుళం వైపు పల్లెటూరు. ఇంజనీరింగు చివరి సంవత్సరం. తండ్రి కొత్తచొక్కా మడతలు ఇంకా పోలేదు, జేబు దగ్గర గుండుసూది కూడా తీయలేదు. తల్లి నెత్తిన కొంగు కప్పుకుని భవనాల కేసి చూస్తూ ఉండిపోయింది. ఆవరణలో ఒక పెద్ద నిద్రగన్నేరు ఉండేది. నాకు ఆ ఊళ్ళో అన్ని స్టూడియోల కంటే మంచి స్టూడియో ఆ చెట్టు. గొడుగులా పరుచుకున్న కొమ్మల కింద ఏ వేళప్పుడు నిలబెట్టినా ముఖం మీద వెలుతురు నీళ్ళలా పల్చగా ఉండేది. అబ్బాయిని అక్కడ నిలబెట్టి వెలుగు కొలుస్తూ దగ్గరికి వెళ్ళాను. నాకు మాత్రమే వినబడేలా అన్నాడు, “సార్, నాకింకా మూడు సబ్జెక్టులు ఉండిపోయాయి. ఇంట్లో తెలీదు.”

నేనేమీ అనలేదు. ఏమనాలో తోచక, టోపీ కుచ్చు ఎడమవైపుకు సర్దాను.

అతడి ఒంటరి ఫొటోలు నాలుగు తీశాక, నాకు అలవాటైన పని ఒకటి చేయబోయాను. ఆ టోపీ తీసి తండ్రి నెత్తిన పెట్టి, కొడుకును పక్కన నిలబెట్టి తీస్తే ఆ ఫొటో ఏ ఇంట్లోనైనా గోడ మీదికి చేరుతుంది. చదివించినవాడి తలమీద ఆ టోపీ కొడుకు తలమీద కంటే బాగా కుదురుతుంది కూడాను. ఆ మాట చెప్పగానే అబ్బాయి “వద్దు సార్” అన్నాడు. గట్టిగానే అన్నాడు. తండ్రి అప్పటికే రెండడుగులు ముందుకు వేసి ఉన్నాడు. కొడుకు చెప్పులూ, సంచీ చేత్తో పట్టుకుని ఉన్నాడు. “నానేటికి బాబూ, మా గుంటడికే తియ్యండి” అని నవ్వుతూ వెనక్కి జరిగాడు. కొడుకు తనను పక్కన నిలబెట్టుకోవడానికి నామోషీ పడ్డాడని అనుకుని ఉంటాడు. కారణం అది కాదని తెలిసినవాళ్ళం అక్కడ ఇద్దరమే ఉన్నాం. ఇద్దరమూ చెప్పలేదు.

అబద్ధపు ఫొటో తీశానని నాకు పశ్చాత్తాపం లేదు. గౌను అద్దెది, టోపీ అద్దెది, పట్టా ఇంకా రాలేదు. కాని నాలుగేళ్ళు కన్నవాళ్ళు పంపిన డబ్బు నిజం, ఆ చెట్టు కింద వాడి ముఖంలో కనబడిన భయం కూడా నిజం. ఆ భయాన్ని వాళ్ళమ్మ గాంభీర్యం అనుకుంది. “పెద్ద ఆఫీసరులాగున్నాడు” అందట ఫొటో కట్టించుకుని వెళ్ళేటప్పుడు.

ఆ ఏడు అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. విశాఖలో ఉన్నవాళ్ళకు ఆ రోజు గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు, లేనివాళ్ళకు ఎంత చెప్పినా తెలియదు. తెల్లారి మర్నాడు ఊరు చూస్తే, ఇన్నేళ్ళూ చెట్ల వెనక దాక్కున్న ఇళ్ళన్నీ ఒక్కసారిగా బయటపడినట్టు ఉన్నాయి. మిగిలి నిలబడ్డ చెట్లకు ఆకు లేదు. నిద్రగన్నేరు వేళ్ళతో సహా పెళ్ళగిలి అడ్డంగా పడి ఉంది. ఆ తరవాత చాలాకాలం ఆ ఆవరణలో నాకు ఫొటో తీయడం చేతకాలేదు. అలవాటు కొద్దీ పిల్లల్ని ఆ చోటికే తీసుకెళ్ళి, మొండి ఎండలో నిలబెట్టి, థర్మకోలు అట్టలు అడ్డం పెట్టుకుని నానా తంటాలు పడేవాణ్ణి. అప్పట్లో నా దగ్గరికి విచిత్రమైన గిరాకీ ఒకటి మొదలైంది. పాత విద్యార్థులు ఫోను చేసి, తమ గుంపు ఫొటోలు మళ్ళీ కావాలని అడిగేవారు. “మేము సరేనండీ, వెనక చెట్టు బాగా కనబడేది పంపండి” అనేవారు.

2015 ఆఖరులో శ్రీకాకుళం అబ్బాయి ఒక్కడే వచ్చాడు. మూడు సబ్జెక్టులూ గట్టెక్కాడు. చెన్నైలో ఏదో చిన్న ఉద్యోగం దొరికింది, ఒక్కరోజు సెలవు మీద వచ్చాడు. ఈసారి గౌను తొడుక్కుని మార్కుల కాగితం మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాడు. “అదే చోట, అలాగే తీయండి సార్” అన్నాడు. అదే చోట తీశాను గాని అలాగే ఎలా తీయగలను? పైన కొమ్మలు లేవు. ముఖం మీద ఎండ గీతలు గీతలుగా పడింది. నాన్నగారిని కూడా తీసుకురావలసింది కదా అన్నాను. కోతల రోజులు సార్ అన్నాడు.

నెల తరవాత ఫోను చేశాడు. కొత్త ఫొటో గోడకు పెట్టడానికి వాళ్ళమ్మ ఒప్పుకోలేదట. “ఇందులో చిక్కిపోయావురా, ఆ చెట్టేదిరా” అందట. పాతదే ఉంచింది. “పోనీలెండి సార్” అని నవ్వాడు. ఆ ఇంటి గోడ మీద ఇప్పటికీ ఆ తప్పిన పరీక్షల ఫొటోయే ఉండి ఉంటుంది, వెనక ఆ చెట్టుతో సహా.

ఇక జంటల సంగతి.

నేను పని నేర్చుకునే రోజుల్లో పెళ్ళికి ముందు జంట ఫొటో అన్నది లేదు. పిల్లది ఒక్కర్తెదీ ఉండేది, పూలకుండీ పక్కన నిలబెట్టి, సంబంధాలవాళ్ళకు పంపడానికి. పెళ్ళయిన వారం పదిరోజులకు కొత్తదంపతులు స్టూడియోకు వచ్చి, అతడు కుర్చీలో, ఆమె పక్కన నిలబడి ఒకటి దిగేవారు. ఇంకా వెనక్కి పోతే, 1892లో రాజా దీన్‌దయాళ్ హైదరాబాదులో పరదా స్త్రీల కోసమని ప్రత్యేకంగా జెనానా స్టూడియో పెట్టాడు, అందులో ఫొటోలు తీసేది కూడా స్త్రీయే. అక్కడి నుంచి బయలుదేరి, ఇవాళ ఆర్కే బీచిలో పల్లీలవాళ్ళూ, పోలీసులూ, పొద్దున్నే నడకకొచ్చిన రిటైర్డు ఉద్యోగులూ అందరూ చూస్తుండగా పెళ్ళికాని పిల్ల నడుం మీద చెయ్యి వెయ్యమని ఆమెకు కాబోయే భర్తకు నేను చెబుతున్నాను. ‘చెయ్యి కొంచెం కిందికి, వేళ్ళు దగ్గరగా’ అని కూడా చెబుతున్నాను. మర్నాడు మా ఆవిడ ఎదుట ఇవే మాటలు తలుచుకుంటే నాకే సిగ్గేస్తుంది.

వాళ్ళు ఫోనుల్లో నమూనాలు పట్టుకుని వస్తారు. వాటిలో తప్పకుండా ఉండేది సముద్రంలోకి దిగిపోతున్న సూర్యుడి ముందు నల్లటి నీడల్లా ఇద్దరు. అయ్యా, మన సముద్రం తూర్పున ఉంది, సూర్యుడు ఇందులోంచి లేస్తాడు గాని ఇందులోకి దిగడు, ఇక్కడ ఆయన దిగేది కొండల వెనక్కి అని చెబితే ముఖాలు చిన్నబోతాయి. అయితే పొద్దున్నే రండి, మే నెలలో ఐదున్నరలోపే లేస్తాడు, కాబట్టి అలంకారాలన్నీ చేసుకుని ఐదింటికల్లా ఇసుకలో ఉండాలి అంటాను. ఇంకొందరు డ్రోను కావాలంటారు. తూర్పు నౌకాదళం ఉన్న ఊళ్ళో అది కుదిరే పని కాదని వాళ్ళకూ చెప్పాలి. మరికొందరికి భీమిలి కావాలి. 1978లో వచ్చిన ‘మరోచరిత్ర’ చాలాభాగం విశాఖ, భీమిలి తీరంలోనే తీశారు, నలుపు తెలుపుల్లో. ఆ సినిమా చూసిన పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే పిల్లలకు ఆ ఒడ్డే గొప్పదని చెప్పి పంపిస్తారు. చివరికి ఆ ప్రేమికులకు ఏమవుతుందో తెలిసినవాళ్ళు పెళ్ళికి ముందు అక్కడికి ఎలా పంపుతారో నాకు అర్థం కాదు.

భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలున్నాయి. అక్కడ తీయడం చాలా గమ్మత్తుగా ఉంటుంది. ఎండ నేలను తాకి ఎర్రగా పైకి లేస్తుంది, గడ్డం కిందా, ముక్కుపుటాల దగ్గరా కుంకుమ రాసినట్టు పడుతుంది. తెల్లచొక్కా సాయంత్రానికి నారింజరంగులోకి మారుతుంది. ముఖాలకు అంత వెచ్చదనం ఇంకెక్కడా రాదు. కాని భూమి చరిత్ర చెప్పే ఆ దిబ్బలు గట్టి రాళ్ళు కావు, కాలు పెట్టినచోటల్లా జారుతుంటాయి. ఒకసారి ఒక జంటను అంచుకు ఎక్కించి తీశాను. వాళ్ళు దిగిన తరవాత చూస్తే, వాన కోసిన సన్నటి గట్టు ఒకటి మా కాళ్ళ కింద మొత్తం రాలిపోయింది. ఆ తరవాత అక్కడికి వెళ్ళడం మానేశాను.

జంటలతో పనిలో నాకు ఎక్కువ అక్కరకు వచ్చేది కెమేరా పనిచేయని మొదటి పావుగంట. ఏసీ కారులోంచి తీసిన లెన్సు మీద సముద్రపు గాలి తగలగానే ఆవిరి పట్టేస్తుంది. ఎంత తుడిచినా మళ్ళీ పడుతుంది. బయటి వేడికి అలవాటయ్యేదాకా దాన్ని వదిలేయడమే మార్గం. ఆ పావుగంటా నేను ఉప్పుగాలికి కళ్ళు చికిలించుకుంటూ వాళ్ళిద్దర్నీ చూస్తుంటాను. ప్రేమించుకున్న జంటలు దిగీ దిగగానే తగువు మొదలుపెడతాయి. నువ్వు ఆలస్యం చేశావంటే నువ్వు చేశావని. వాళ్ళతో నాకు భయం లేదు. పెద్దలు కుదిర్చినవాళ్ళు మహా మర్యాదగా ఉంటారు. ‘మీరు కూర్చోండి’, ‘పరవాలేదు మీరు కూర్చోండి’. పక్కన పెళ్ళికూతురు తమ్ముడో, వదినో కాపలా. వాళ్ళు ఇద్దరే ఎదురుబొదురుగా నిలబడటం చాలాసార్లు నా ఫొటో కోసమే మొదటిసారి జరుగుతుంది. కళ్ళల్లోకి చూసుకోండి అని నేను చెబితే చూసుకుంటారు. అప్పుడు తొట్రుపడి నవ్వుతారు చూడండి, ఆ నవ్వు కోసం నేను పాతికేళ్ళు కాదు, ఇంకో పాతికేళ్ళు కూడా చీకట్లో లేచి ఇసుకలో నడుస్తాను. చాలామందికి అలాగే మొదలవుతుంది. అది నటన కాదు.

2018 నవంబరులో వచ్చిన జంటకు అలా కాలేదు.

అతడు మంచివాడిలాగే ఉన్నాడు. ఆ మాట ఎందుకంటున్నానంటే, కథల్లోలా అతణ్ణి తప్పుపట్టడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆమెకు నీళ్ళసీసా మూత తీసి ఇచ్చాడు, ఇసుకలో చెప్పులు తనే పట్టుకున్నాడు. ఆమె నేను చెప్పిందల్లా చేసింది. ఇటు తిరగమంటే తిరిగింది, నవ్వమంటే నవ్వింది. ఇరవై నిమిషాలు గడిచాయి, అరగంట గడిచింది, ఆమె దిగలేదు. మధ్యలో అతడు చొక్కా మార్చుకోవడానికి కారు దగ్గరకు వెళ్ళాడు. ఆమె అన్నయ్య కూడా అతడితోపాటు వెళ్ళాడు. నేను రిఫ్లెక్టరు మడుస్తున్నాను.

“అన్నా, ఈ ఫొటోలు ఎన్నాళ్ళకిస్తారు?” అంది.

“పది రోజులమ్మా.”

“కొంచెం ఆలస్యం చేయగలరా?”

“ఎందుకమ్మా?”

సముద్రం కేసి చూస్తూ అంది, “ఇవి అందరికీ వెళ్ళిపోయాక ఇంక నా మాట ఎవరూ వినరు.”

అంతే అంది. ఏ మాటో చెప్పలేదు. నేను అడిగితే చెప్పేదేమో. వాళ్ళు తిరిగి వచ్చేందుకు ఇంకా మూడు నాలుగు నిమిషాలు ఉంది. అడగడానికి అది చాలు. నేను “చూద్దాంలేమ్మా” అన్నాను. ‘చూద్దాంలే’ అన్న మాటకు తెలుగులో అర్థమేమిటో ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. వాళ్ళు వచ్చారు. నేను కెమేరా ఎత్తి “గడ్డం కొంచెం పైకి” అన్నాను. ఆమె ఎత్తింది.

ఎనిమిదో రోజుకే ఇచ్చేశాను. అన్నయ్య మూడుసార్లు ఫోను చేశాడు, మిగతా డబ్బు రావలసి ఉంది, వెనక ఇంకో రెండు పెళ్ళిళ్ళున్నాయి. ఇవన్నీ కారణాలే, కాదనను. ఇంకా ముందే ఇచ్చినందుకు అతడు సంతోషించి అయిదువందలు ఎక్కువిచ్చాడు, తీసుకున్నాను. మూడు వారాల తరవాత వేరే పని మీద ఒక కళ్యాణమండపం ముందునుంచి వెళుతుంటే, ద్వారం దగ్గర పదడుగుల ఫ్లెక్సీ మీద ఆమె కనబడింది. ‘గడ్డం కొంచెం పైకి’ అన్న ఫొటోయే. చుట్టూ గులాబీలు అతికించారు. బాగా వచ్చింది. వెలుతురు చక్కగా కుదిరింది, కళ్ళల్లో ఆకాశం కూడా పడింది. లోపలికి వెళ్ళేవాళ్ళు దాని ముందు ఆగి తామూ ఫోనుల్లో ఫొటోలు దిగుతున్నారు. బండి ఆపకుండానే వెళ్ళిపోయాను.

ఆ తరవాత రెండేళ్ళకో మూడేళ్ళకో ద్వారకానగర్లో ఒక మందులషాపు ముందు ఎదురుపడింది. చంకలో పిల్లవాడు. తనే గుర్తుపట్టి “బావున్నారా అన్నా” అంది. బావున్నానమ్మా అన్నాను. బాబుకు మొదటి పుట్టినరోజు ఫొటోలు ఎవరో తీశారట, మిమ్మల్ని పిలుద్దామనుకున్నాం గాని నంబరు పోయిందంది. సుఖంగానే ఉండి ఉండవచ్చు. ఆ రోజు ఆమె చెప్పదలచుకున్నది పెళ్ళి వద్దనో, చదువుకోవాలనో, కట్నం సంగతో, మరింకేదో నాకు ఇప్పటికీ తెలియదు. అప్పుడు అడగనివాడు మందులషాపు ముందు నిలబడి అడగగలడా? నా కంప్యూటర్లో ఆమె ఫొటోలు నూటనలభై దాకా ఉన్నాయి. పెళ్ళి ఫొటోలు రెండేళ్ళకు మించి దాచను, చోటు చాలదు. వీటిని తీసేయబోయి రెండుసార్లు ఆగిపోయాను.

ఇప్పుడు లెన్సు మీద ఆవిరి పోయేలోపు ఏదో వంక పెట్టి ఇద్దరితోనూ విడివిడిగా కాస్త మాట్లాడతాను. చాలామందికి చెప్పవలసినదేమీ ఉండదు, చీర కుచ్చిళ్ళ గురించీ, పొట్ట కనబడకుండా తీయడం గురించీ చెబుతారు. ఒకమ్మాయి మట్టుకు కాసేపు మాట్లాడి, ఫొటోలు దిగకుండానే వెళ్ళిపోయింది. అడ్వాన్సు తిరిగిచ్చేశాను. ఆ సంగతి అంతకంటే ఇక్కడ రాయడం భావ్యం కాదు. ఇంకొక మార్పు కూడా చేశాను. ఎవరికైనా సరే ఫొటోలు ఇరవై రోజులకు గాని ఇవ్వను. పిల్లల గౌను ఫొటోలు మర్నాడే ఇస్తాను, జంటలవి మాత్రం ఇరవై రోజులు. మా ఆవిడకు ఇది పిచ్చిగా తోస్తుంది. పనంతా అయిపోయి ఉత్తినే పడి ఉన్నవాటిని ఎందుకు ఆపుతారు, బేరాలు పోవూ అంటుంది. పోతున్నాయి.

నిన్న ఒక పెద్దాయన ఫోను చేశారు. వచ్చే నెల వాళ్ళ అమ్మాయి పెళ్ళి. “పక్కవీధిలో వాళ్ళు వారం రోజుల్లో ఇస్తామంటున్నారు కదండీ, మీకెందుకు ఇరవై రోజులు?” అని అడిగారు.

“రంగులు సరిచేయాలండీ, టైము పడుతుంది” అన్నాను.